పక్కవాడి చెవి

తుపాకీ ఎంత పొట్టిదైతే తాము అంత పొడుగ్గా కనిపిస్తామని ఎవరు నూరిపోశారో గానీ, డల్లాస్ నుంచి వచ్చి మా వైపు భూములు కొనేవాళ్ళలో సగం మంది ఆ నమ్మకంతోనే దిగుతారు. ప్రెస్టన్ వీలండ్ ఆ సగంలోవాడు. ఈత కొలనులు కట్టించే వ్యాపారం అతనిది. మూడేళ్ళు వరసగా వానల్లేక ముసలి బెకర్ట్ దంపతులు అమ్ముకున్న రెండొందల ఎకరాలు కొన్నాడు. ఆ భూమిలో ముళ్ళచెట్లు, రాళ్ళు, అడవి పందులు తప్ప ఏమీ లేవు. కొన్న వారానికే గేటు మీద ఇనప అక్షరాలతో తన పేరు పోత పోయించి పెట్టించుకున్నాడు. బెకర్టులు అరవై ఏళ్ళున్నారు అక్కడ. పోస్టుడబ్బా మీద తప్ప వాళ్ళ పేరు ఎక్కడా ఉండేది కాదు.

నా పేరు వోండా రేలీ. హార్కీ అనే చిన్న ఊళ్ళో దాణా కొట్టు వెనక షెడ్డులో తుపాకులు బాగుచేస్తాను. మా నాన్న చేసిన పనే, ఆయన కూర్చున్న స్టూలు మీదే కూర్చుని. నాకు యాభై ఎనిమిది. పద్దెనిమిదో ఏట నుంచి ఇదే పని.

మార్చి నెలలో ఒక శనివారం పొద్దున వీలండ్ వచ్చాడు. కాళ్ళకి మట్టంటని కొత్త బూట్లు, చేతిలో గట్టి ప్లాస్టిక్ పెట్టె. దాన్ని నా బల్ల మీద పెట్టి, తాళాలు రెండూ టకటకా తీసి, మూత ఎత్తి, వెనక్కి జరిగి నిలబడ్డాడు. నేను నోరెళ్ళబెట్టాలన్న మాట. లోపల పదిన్నర అంగుళాల గొట్టం ఉన్న రైఫిల్ ఉంది. గొట్టం అంత పొట్టిగా ఉంటే దాన్ని ఉంచుకోవడానికి ప్రభుత్వం దగ్గర వేరే కాగితం తీసుకోవాలి. తీసుకున్నాడు. ఆ కాగితానికి ప్లాస్టిక్ తొడుగు వేయించి మరీ తెచ్చాడు.

"ఇక్కడ పనిచేసే ఆయన లేరా?" అన్నాడు నా భుజం మీదుగా లోపలికి చూస్తూ.

"ఉండేవాడు. పోయి పదకొండేళ్ళయింది. మా నాన్న."

"ఓ. అయితే నువ్వేనన్నమాట. సరేలే అమ్మా. దీన్ని కాస్త లొంగదీయాలి."

అతను నాకన్నా కనీసం పదేళ్ళు చిన్న. ఆ 'అమ్మా'లో మర్యాద లేదు. హోటల్లో నీళ్ళు తెమ్మనేటప్పుడు పిలిచే పిలుపు అది.

"లొంగదీయడం అంటే?" అన్నాను. "మంట తగ్గాలా, మోత తగ్గాలా, పేల్చినప్పుడు ఎగరకుండా ఉండాలా?"

"అన్నీ."

"అన్నీ ఒక్కదానితో కావు సార్."

నేను చెప్పబోయింది పెద్ద శాస్త్రమేం కాదు. గొట్టం పొట్టిదైనప్పుడు తూటాలో మందు లోపల పూర్తిగా కాలదు. మిగిలింది మూతి దాటాక గాలిలో కాలుతుంది. అందుకే అంత మంట, అంత మోత. ఆ మూతికి మరలుంటాయి, దాని మీద ఏదో ఒకటి బిగించొచ్చు. పంజరం లాంటిది బిగిస్తే మంట తగ్గుతుంది, మోత మాత్రం ఎక్కడిదక్కడే. బ్రేకు అనేది బిగిస్తే తుపాకీ చేతిలో కదలదు, కానీ మంటా మోతా పక్కలకి తన్నుతాయి. మోతని ముందుకు తోసే డబ్బా ఒకటి ఉంది. వెనకున్న వాళ్ళకి కొంత హాయి. నిజంగా మోత తగ్గించాలంటే సైలెన్సర్ ఒక్కటే, దానికి మళ్ళీ కాగితాలు, వేలిముద్రలు, ఎదురుచూపులు. ఎవరు పేలుస్తారు, ఎక్కడినించి పేలుస్తారు, పక్కన ఎవరుంటారు, ఈ మూడూ అడిగి ఏది బిగించాలో చెప్పడం నా పని.

మొదటి ముక్క నోట్లో ఉండగానే అతను ఫోను తీసి నా మొహం ముందు పెట్టాడు.

"ఇది చూడు ముందు."

చూశాను. గడ్డం వాడొకడు, ఒళ్ళంతా పచ్చబొట్లు, ఎడారిలో నిలబడి ఇలాంటి రైఫిలే పేలుస్తున్నాడు. దాని మూతికి పక్కలకి నోళ్ళు తెరిచిన మూడు గదుల బ్రేకు. ప్రతి పేలుడుకీ ఇటూ అటూ దుమ్ము మేఘంలా లేస్తోంది. వాడి చుట్టుపక్కల అరమైలు దూరంలో ప్రాణి లేదు. ఆరు నిమిషాల వీడియో. ఆరు నిమిషాలూ ఆ ఫోను నా ముక్కు ముందునుంచి తియ్యలేదు. మధ్యలో నేను కళ్ళు పక్కకి తిప్పితే "అదిగో అదిగో, ఇప్పుడు చూడు" అన్నాడు.

"అదే కావాలి," అన్నాడు అయిపోయాక. "ట్యాంకు మీదుండే దానిలా ఉంది కదా?"

"ట్యాంకులో మనిషి లోపల కూర్చుంటాడు సార్," అన్నాను.

అతనికి అది జోకనిపించింది. నవ్వి, నా చెయ్యి తట్టాడు.

ఇక్కడే నేను చేసింది చెప్పాలి. అప్పటికి నాకు చిరాకు నెత్తికెక్కింది. వీడికి చెప్పడం దండగ అనుకున్నాను. బ్రేకు బిగిస్తే రైఫిల్ కదలదు, నిజమే, ఆ మాట మాత్రం చెప్పాను. పక్కనున్న వాడి చెవులు పోతాయన్న మిగతా సగం చెప్పలేదు. చెబితే ఇంకో వీడియో చూపిస్తాడు. పోనీ, మొదటి రోజు పేల్చి, పళ్ళు జివ్వుమని, తోక ముడుచుకుని తనే వస్తాడులే అనుకున్నాను. ఆ మొహం చూడాలని కూడా ఉంది నాకు. అది దాచను.

పని మాత్రం పద్ధతిగానే చేశాను. మూతికున్న పాతది విప్పాను, మరలు తుడిచాను, గొట్టాన్ని బల్ల మీది వైస్‌లో బిగించి, వాషర్లు సరిచూసి, గదుల నోళ్ళు సరిగ్గా అడ్డంగా వచ్చేలా బ్రేకు ఎక్కించాను. కన్నం గుండా కడ్డీ దూర్చి, తూటా పోయే దారికి ఎక్కడా తగలదని చూసుకున్నాను. నా చేతి కిందనించి వంకర పని ఎప్పుడూ బయటికి పోలేదు. ఆ వేళ కూడా పోలేదు. చేతులు చెయ్యాల్సింది చేశాయి, నోరే చెయ్యలేదు.

వెళ్తూ వెళ్తూ తలుపు దగ్గర ఆగాడు. "నెట్టులో అన్నీ ఉంటాయమ్మా. మీలాంటి వాళ్ళని అడగడం మర్యాద కోసమే."

యుసేబియో లుహాన్ ఆ తర్వాతి గురువారం వచ్చాడు. మా జిల్లాలో బావి మోటార్లు, ట్రాక్టర్లు, జనరేటర్లు ఏది మొరాయించినా అతనే. అరవై మూడేళ్ళు. పొడుగాటి స్క్రూడ్రైవరు కొస ఇంజను మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, కళ్ళు మూసుకుంటాడు. "రెండో బేరింగ్," అంటాడు. విప్పి చూస్తే రెండో బేరింగే. కంప్యూటరు తగిలించుకుని వచ్చే కంపెనీ కుర్రాళ్ళు అతను చెప్పింది విన్నాక తమ వైర్లు చుట్టుకుని పోవడం నేను కళ్ళారా చూశాను. నాకు అతను ముప్పై ఏళ్ళ స్నేహితుడు. నేను సెబియో అంటాను.

ఆ రోజు అతని భార్య డెల్ఫీనా చేసిన గుడ్డు, బంగాళాదుంపల టాకోలు రేకు కాగితంలో చుట్టి తెచ్చాడు. షెడ్డు గుమ్మంలో కూర్చుని తింటున్నాం.

"నీ కొలనుల దొర నన్ను శనివారం పొద్దున పిలిచాడు," అన్నాడు. "మంచె మీద పక్కన కూర్చుని పందులెటు నుంచి వస్తాయో చూపించాలంట."

"నా దొరెందుకయ్యాడు? అతని బావి పంపు చూసేది నువ్వు."

"తుపాకీకి మూతి తొడిగింది నువ్వు. నాకు చూపించాడులే. పెళ్ళికూతుర్ని చూపించినట్టు చూపించాడు."

ఇద్దరం నవ్వుకున్నాం. ఆ గడ్డం వాడి వీడియో సంగతి, ట్యాంకు సంగతి చెప్పి ఇంకా నవ్వించాను. అతను నవ్వుతుంటే టాకోలోని సల్సా పచ్చడి గడ్డం మీదకి కారింది. ఒక్క మాట, 'చెవులు రెండూ గట్టిగా మూసుకో సెబియో, ఆ బ్రేకు పక్కకి తంతుంది' అనే ఒక్క మాట అప్పుడు నా నోట్లోనే ఉంది. కథ రంజుగా నడుస్తోంది. మధ్యలో ఆపి అది చెప్పాలని తోచలేదు.

శనివారం పొద్దున ఏం జరిగిందో సెబియో తర్వాత చెప్పాడు. అదే చెబుతున్నాను.

వీలండ్ కట్టించుకున్న మంచె మామూలు మంచె కాదు. నాలుగు కర్రల మీద చెక్క పెట్టె, పైన రేకు, లోపల ఇద్దరికి కుర్చీలు, మూడు పక్కలా జానెడు కిటికీలు. తెల్లవారుతుండగా ఎక్కారు. వీలండ్ ఎడమ పక్క, సెబియో కుడి పక్క. వీలండ్ తలకి చెవులు మూసే పెద్ద పరికరం, పేలుడు శబ్దాన్ని ఆపి మాటలు మాత్రం వినిపించేది. సెబియో దగ్గర స్పాంజి బిరడాలున్నాయి. కుడి చెవిలో ఒకటి పెట్టుకున్నాడు. ఎడమది తీసి వేళ్ళ మధ్య పట్టుకున్నాడు. ఎందుకంటే వీలండ్ రెండు నిమిషాలకోసారి "వస్తున్నాయా? వినిపిస్తోందా?" అని గుసగుసలాడుతున్నాడు. పందులు ముళ్ళపొదల్లో నడిచే చప్పుడు పట్టుకోవాలంటే ఒక చెవైనా తెరిచి ఉండాలి.

"పేల్చే ముందు చెప్పండి సార్. ఇది పెట్టుకుంటాను," అన్నాడు సెబియో బిరడా చూపించి.

"చెప్తానయ్యా," అన్నాడు వీలండ్.

పందులొచ్చాయి. మొక్కజొన్న చల్లిన చోట తొమ్మిదో పదో. మామూలు రైఫిల్ అయితే గొట్టం కిటికీలోంచి మూరెడు బయటికి ఉంటుంది. ఇది పొట్టిది కదా. మూతి కిటికీ అంచు దాకా కూడా రాలేదు. బ్రేకు గదులు మూడూ ఆ చెక్క పెట్టె లోపలే ఉన్నాయి, సెబియో ఎడమ చెవికి రెండడుగుల దూరంలో. వీలండ్ చెప్పలేదు. ఏడుసార్లు పేల్చాడు, ఆపకుండా. మొదటిదానికే సెబియో కుర్చీ మీంచి పడ్డాడు. మిగతా ఆరూ నేల మీద నుంచి విన్నాడు. విన్నాడనడం తప్పు.

ఏడు తూటాలకీ కలిపి ఒక్క పందికి వెనక కాలు తగిలింది. అది ఈడ్చుకుంటూ పొదల్లోకి పోయింది. గాయపడ్డదాన్ని వదలకూడదని సెబియోకి ఉంది, వీలండ్‌కి లేదు. చెవిలోంచి సన్నగా రక్తం కారుతుండగా సెబియో దిగి, జాడ పట్టి, అరగంట వెతికి, తన పాత పిస్తోలుతో దాన్ని ముగించి వచ్చాడు. వీలండ్ అప్పుడు దిగి దాని మీద కాలు పెట్టి ఫోటో దిగాడు. ఫోటో తీసింది సెబియోయే.

సోమవారం నా షెడ్డుకొచ్చాడు.

"గ్రైండర్ కావాలి," అన్నాడు. దాణా కొట్లో వాళ్ళు కూడా తలతిప్పి చూశారు.

"ఎందుకంత గట్టిగా అరుస్తున్నావ్?"

"అరుస్తున్నానా?" అన్నాడు. అని, స్టూలు మీద కూర్చుండిపోయాడు.

చెప్పించుకున్నాను. మర్నాడు శాన్ యాంజెలోలో చెవుల డాక్టరు దగ్గరికి నా బండిలో తీసుకెళ్ళాను. డెల్ఫీనా వస్తానంది గానీ సెబియో వద్దన్నాడు. ఆమె ఏడిస్తే వినిపించదు, చూడ్డం మాత్రం కష్టం అన్నాడు. డాక్టరు గంటసేపు పరీక్షించి చెప్పింది. చెవి పొర మూసుకుంటుంది. ఎడమ చెవిలో సన్నటి శబ్దాలు, పై స్థాయివి, పోయాయి, అవి రావు. కీచుమని చిమ్మెట కూసినట్టున్న మోత ఉండిపోవచ్చు.

"బేరింగు అరిగితే వచ్చే చప్పుడు ఎలాంటిది డాక్టరమ్మా? సన్నదా, లావుదా?" అనడిగాడు సెబియో.

ఆమెకి అర్థం కాలేదు. నాకు అర్థమైంది.

తిరిగొస్తుంటే నేను ఎడమ సీట్లో నడుపుతున్నాను, అతను కుడి సీట్లో. అతని ఎడమ చెవి నా వైపుంది. ఎడెన్ ఊరు దాటేదాకా ఆగి, రోడ్డు మీదనించి చూపు తిప్పకుండా చెప్పాను. బ్రేకు పక్కకి తంతుందని నాకు తెలుసని. వీలండ్‌కి కావాలనే చెప్పలేదని. నీకు చెప్పడానికి గురువారం గుమ్మంలో అరగంట టైముందని, జోకులేస్తూ కూర్చున్నానని.

అతను నా వైపు తిరిగాడు. "ఏంటీ? వినపడలేదు. మళ్ళీ చెప్పు."

ఒకసారి చెప్పడానికే నా ప్రాణం పోయింది. బండి రోడ్డు పక్కకి తీసి ఆపాను. మళ్ళీ మొత్తం చెప్పాను, గొంతెత్తి, ముక్క ముక్కగా, చెవిటివాడికి చెప్పినట్టు. చెవిటివాడికే చెబుతున్నాను మరి.

అతను కంచెవైపు తిరిగాడు. కంచె అవతల రెండు మేకలు ముళ్ళకొమ్మ మీదకి కాళ్ళెత్తి ఆకులు తెంపుకుంటున్నాయి.

"వాడికి తెలీదు," అన్నాడు. "నీకు తెలుసు."

"అవును."

"వాణ్ణి వెధవని చెయ్యాలనుకున్నావ్."

"అవును."

"వాడు వచ్చేటప్పుడే వెధవ కదా వోండా. అందులో నువ్వు చెయ్యాల్సిందేముంది?"

బండి మళ్ళీ రోడ్డెక్కించాను. వాళ్ళ గేటు దగ్గర దిగి, తలుపు మెల్లగా వేశాడు. విసిరికొట్టినా బాగుండేది.

ఆ తర్వాత పది రోజులు ప్రపంచంలో అందరినీ అసహ్యించుకున్నాను. వీలండ్‌ని సరే. నన్ను నేను చూసుకుంటే ఇంకా రోత పుట్టింది. అతని తెలివితక్కువతనం అతనితో పుట్టింది, నాది నేను తీరిగ్గా ఎంచుకున్నది. నలభై ఏళ్ళు ఈ పనిలో ఉండి, పనిలో సగం నోటితో చేసేదని తెలిసి, ఎదుటివాడి బూట్లు నచ్చలేదని ఆ సగం ఎగ్గొట్టాను.

పదకొండో రోజున సెబియో వచ్చాడు, తీసుకెళ్ళిన గ్రైండరు తిరిగివ్వడానికి. బల్ల మీద పెట్టి వెళ్ళబోతుంటే బయట వీలండ్ బండి ఆగింది. ప్లాస్టిక్ పెట్టెతో లోపలికొచ్చాడు. సెబియోని చూసి మొహం వెడల్పు చేసుకున్నాడు.

"ఎ... లా... ఉ... న్నా... వ్?" అన్నాడు. ఒక్కో అక్షరం ఒక్కో రాయి విసిరినట్టు, చేతులు ఊపుతూ.

"బాగున్నాను సార్," అన్నాడు సెబియో.

"టెకీలా అందిందా?"

"అందింది."

ఒక చెవికి బదులు ఒక సీసా పంపాడన్నమాట. సెబియో మందు ముట్టుకుని ఇరవై రెండేళ్ళు. ప్రతి బుధవారం చర్చి వెనక గదిలో మందు మానినవాళ్ళ సమావేశానికి కుర్చీలు వేసేది అతనే. ఆ సీసాతో డెల్ఫీనా కార్బొరేటర్ కడిగించిందని తర్వాత తెలిసింది.

వీలండ్ నా వైపు తిరిగి గొంతు తగ్గించాడు, సెబియోకి వినపడదనుకుని. "పాపం, బిరడా తీసేసుకున్నాడు. నా తప్పు కాదు, నువ్వే చెప్పు. కానీ అమ్మా, ఇది మరీ మోతగా ఉంది. నువ్వు ముందే చెప్పాల్సింది."

ఆ పెట్టె తీసి అతని నెత్తిన పెట్టి గుమ్మం దాకా తోసెయ్యాలనిపించింది. "నేను చెయ్యను. బ్రేడీ వెళ్ళి ఇంకెవరినైనా చూసుకోండి," అని నోటిదాకా వచ్చింది. సగం అనేశాను కూడా.

"వోండా," అన్నాడు సెబియో. గుమ్మంలోనే ఆగి, కుడి చెవి మా వైపు పెట్టి ఉన్నాడు. "బ్రేడీలో వాడు ఇంకో మూడు గదులు తగిలిస్తాడు. ఈయన మళ్ళీ ఎవర్నో పక్కన కూర్చోబెట్టుకుంటాడు. ఈయనకి కావాల్సింది వద్దు. పెట్టాల్సింది పెట్టు."

వీలండ్ నవ్వాడు, తనని పొగిడారనుకుని.

నేను ఫోను అడిగాను. ఇచ్చాడు, ఏదైనా చూస్తానేమోనని. దాన్ని సొరుగులో పెట్టి మూశాను. "పది నిమిషాలు," అన్నాను. "మీరు ఎక్కడినించి పేలుస్తారు? పక్కన ఎవరుంటారు?"

అడగాల్సిన ప్రశ్నలు అడగడం మార్చిలో కంటే కష్టమేం కాలేదు. జవాబులకి మూడు నిమిషాలు పట్టింది. చెక్క పెట్టెలోంచి, పక్కన ఎవరో ఒకరితో, వేసవిలో బావమరిది, వాడి పన్నెండేళ్ళ కూతురు. ఆ పిల్ల సంగతి వినగానే సెబియో నా మొహం వైపు చూశాడు.

షెడ్డు వెనక మట్టి దిబ్బ ఉంది, తుపాకులు పరీక్షించడానికి. అక్కడికి తీసుకెళ్ళాను. వీలండ్‌కి బిరడాలు పెట్టించి, వాటి మీద పెద్ద మూతలు తొడిగించాను. కుర్చీ ఒకటి తెచ్చి, నాకు కుడివైపు, మంచెలో సెబియో ఉన్నంత దూరంలో వేశాను.

"ఇక్కడ కూర్చోండి సార్."

"నేను పేల్చనా?"

"వద్దు. మీరు పక్కన కూర్చోండి."

బ్రేకుతో మూడుసార్లు పేల్చాను. మొదటిదానికి అతని కొత్త టోపీ అంచు ఎగిరి ముక్కు మీద పడింది. రెండోదానికి చేతులు రెండూ మూతల మీదకి పోయాయి. మూడోదానికి కుర్చీ వెనక్కి జరిగింది. అన్నీ కప్పుకుని, ఆరుబయట కూర్చుని కూడా పెదాలు పాలిపోయాయి. ఎదురుగా దుమ్ము లేవలేదు, అతని మీద లేచింది.

బ్రేకు విప్పి, మోతని ముందుకు తోసే డబ్బా బిగించి తెచ్చాను. గుండ్రటి ఉత్త ఇనప గొట్టం, చూడ్డానికి పాత సూపు డబ్బాలా ఉంటుంది. మళ్ళీ మూడు. ఈసారి తుపాకీ నా భుజాన్ని కొంచెం గట్టిగా తన్నింది. అతను మాత్రం కుర్చీలో కదలకుండా కూర్చున్నాడు.

"ఇది మోత తగ్గించదు," అన్నాను మూతలు తీయించి. "ముందుకు పంపుతుంది, అంతే. ముందున్న వాడికి అంతే మోత. చెవులు మూసుకోకుండా దీనితో కూడా పేల్చకూడదు, మీరూ, పక్కవాళ్ళూ. మూతి కిటికీ బయట ఉండాలి, కాబట్టి కుర్చీ ముందుకు జరుపుకోండి. నిజంగా తగ్గాలంటే సైలెన్సర్. దానికి ఈ రోజే కాగితాలు పెట్టండి. వచ్చేదాకా ఇది. ఇప్పుడు నేను చెప్పింది మళ్ళీ చెప్పండి."

"ఏంటి, బడిలో లాగానా?"

"బడిలో లాగానే."

చెప్పాడు, మొహం ఎర్రగా చేసుకుని. రెండు చోట్ల తప్పు చెప్పాడు, దిద్దాను. మళ్ళీ చెప్పాడు.

"చూడ్డానికి మాత్రం దరిద్రంగా ఉందమ్మా," అన్నాడు డబ్బాని తిప్పి చూస్తూ. తర్వాత, "ఇదంతా ముందే చూపించాల్సింది కదా?" అన్నాడు.

"చూపించాల్సింది," అన్నాను.

అతను ఆ మాటని ఏమీ పట్టించుకోలేదు. సొరుగు వైపు చూపించి ఫోను అడిగాడు.

సెబియో ఆ రోజు కుర్చీ తెచ్చి షెడ్డులో పెట్టి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత వీలండ్ దగ్గర పంపు పని చూడ్డం అతను మానేశాడు. జూలైలో అది బిగుసుకుపోతే బ్రేడీ నించి మనిషి వచ్చి చూసేసరికి ఐదు రోజులు పట్టింది. ఆ ఐదు రోజులూ వీలండ్ కొత్తగా కొన్న పశువులకి ట్యాంకర్లతో నీళ్ళు మోయించుకున్నాడని విని నేను కాస్త సంతోషించాను, ఒప్పుకుంటాను. సెబియో సంతోషించలేదు. పశువులేం చేశాయి అన్నాడు.

ఆ మాట నాతోనే అన్నాడు. అంటే అప్పటికి మళ్ళీ వస్తున్నాడు. ఇదివరకట్లా గంటలు గంటలు కాదు. వచ్చి, నాకు కుడి చెవి వచ్చేలా స్టూలు తిప్పుకుని, పావుగంట కూర్చుని పోతాడు. ఇంజన్ల పని మానలేదు. కుడి చెవితో పట్టుకుంటున్నాడు, కానీ ఇదివరకు ఒకసారి విన్నదాన్ని ఇప్పుడు మూడుసార్లు వింటాడు. ఒకటి రెండు తప్పాయి కూడా. తప్పినప్పుడు డబ్బు తీసుకోడు. నన్ను క్షమించానని ఎప్పుడూ అనలేదు. నేనూ అడగలేదు. అడిగితే అది అతనికి ఇంకో పని అప్పజెప్పినట్టవుతుంది.

అక్టోబరులో పశువులు నాకే ఉప్పు దిమ్మెల కోసం సహకార కొట్టుకెళ్ళాను. లోపల పందుల మేత బస్తాల దగ్గర వీలండ్ నిలబడి, భూమి కొనడానికి కొత్తగా వచ్చిన ఇంకో పట్నం మనిషికి పాఠం చెబుతున్నాడు. ఆయన చేతిలో ఫోను, అందులో ఏదో వీడియో.

"ఆ వీడియోలు కట్టెయ్యవయ్యా," అంటున్నాడు వీలండ్. "వాళ్ళ పక్కన ఎవరూ ఉండరు. నీ పక్కన ఎవరుంటారు, అది చూసుకోవాలి ముందు. బ్రేకు పెడితే పక్కవాడి చెవులు పోతాయి. నేను సొంతంగా పరీక్షలు చేసి చూశాను. కుర్చీ వేసుకుని."

కొత్తాయన తలూపుతున్నాడు. వీలండ్ డబ్బా సంగతి చెప్పాడు, మూతి కిటికీ బయట ఉండాలని చెప్పాడు, సైలెన్సర్ కాగితాల సంగతి చెప్పాడు. నా మాటలే, నా వరసలోనే, కానీ తన గొంతులో, తను కనిపెట్టినట్టు. సెబియో పేరు ఎక్కడా రాలేదు. ఒక ముసలాయన చెవి పోయిందన్న మాటే లేదు. అయినా ఉప్పు దిమ్మె పట్టుకుని అక్కడే నిలబడ్డాను, ఎందుకంటే చెప్పేది సరిగ్గానే చెబుతున్నాడు.

"ఆ డబ్బా ఉంటే ఇంక చెవులకేం అక్కర్లేదు," అన్నాడు చివర్లో.

"అక్కరుంది," అన్నాను.

ఇద్దరూ తిరిగారు.

"డబ్బా ఉన్నా చెవులు మూసుకోవాలి. మీరూ, పక్కవాళ్ళూ. రెండు చెవులూ."

"ఆఁ, అదే, అదే," అన్నాడు వీలండ్. "మర్చిపోయాను."

"ఈవిడెవరు?" అనడిగాడు కొత్తాయన.

"ఈవిడా? ఇక్కడే, దాణా కొట్టు వెనక. మరలు బిగిస్తుంది," అన్నాడు వీలండ్.

"అవును," అన్నాను కొత్తాయనతో. "బిగించే ముందు కొన్ని ప్రశ్నలు అడుగుతాను. పది నిమిషాలు పడుతుంది. ఫోను ఇంట్లో పెట్టి రండి."

ఆయన రెండు రోజులాగి వచ్చాడు. ఫోను తెచ్చుకున్నాడు. వీడియో చూపించబోయాడు. తీసుకుని సొరుగులో పడేసి, కూర్చోమని స్టూలు చూపించాను. ఈయన బూట్లు కూడా కొత్తవే.